ముప్పయ్యెనిమిదో ఏట ఓనమాలు

1993 నవంబరు. కోయంబత్తూరులో నేను సంగీతం టీచరుగా ఉన్న బడిలో శుక్రవారం ప్రార్థన జరుగుతోంది. నేను నేర్పిన ఒక తెలుగు భజన పాడుతూ తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె "గుడి" అనవలసిన చోట గొంతెత్తి "కుడి" అంది. అరవంలో కుడి అంటే "తాగు" అని అర్థం. భక్తులందరినీ గుడికి రమ్మని పిలిచే పాట కాస్తా కల్లంగడికి పిలిచినట్టు అయింది. పిల్లలు గొల్లున నవ్వారు. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళద్దాలు సర్దుకుని నా వైపు చూశారు.

తప్పు ఆ పిల్లది కాదు. పాటను నేను తమిళ అక్షరాల్లో రాసి ఇచ్చాను. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. గుడి రాసినా, కుడి రాసినా కంటికి ఒకటే.

అదే రోజు క్లాసులో ఆ పిల్ల లేచి, "టీచర్, మీది తెలుగు ఇల్లే కదా! ఆ మాట తెలుగులో ఎట్లా రాస్తారో బోర్డు మీద చూపించండి, రెండింటికీ తేడా తెలుసుకుంటాను" అని వినయంగా అడిగింది. చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళుగా త్యాగరాజ కీర్తనలు పాడుతున్నాను, పదిహేనేళ్ళుగా నేర్పుతున్నాను. కానీ నాకు తెలుగు రాయడం రాదు. గంట కొట్టారు కాబట్టి బతికాను.

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో చాలామందికి నా అవస్థ కొత్తది కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఆఫీసులో ఇంగ్లీషు. మన భాష నోట్లో ఉంటుంది, చేతిలో ఉండదు. ఆ రోజు నుంచి నాలుగేళ్ళలో నేను మూడు వేసవుల ఖర్చుతో సంగీతంలో ఎం.ఏ. పట్టా ఎలా తెచ్చుకున్నానో, దానికన్నా ముఖ్యంగా ఆ చదువు నాకు ఏం చూపించిందో మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను.

నోటికి వచ్చిన భాష

నేను పుట్టింది మదురైలో. నాయన మిల్లు గుమాస్తా. 1892లో మొదలైన ఆ మదురా మిల్లును మా వీధిలో అందరూ హార్వీ మిల్లు అనేవారు. మనవాళ్ళు ఈ దేశానికి ఎప్పుడు వచ్చారంటే ఇంటికొక కథ చెబుతారు. ఏరు దాటి వచ్చామని ఒకరు, తురకల భయానికి కదిలామని ఒకరు, రాయల సైన్యంతో వచ్చామని ఒకరు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలనకు వచ్చిన తర్వాత సిపాయిలూ, రైతులూ, నేతగాళ్ళూ పెద్ద ఎత్తున ఈ వైపు వచ్చి స్థిరపడ్డారన్నది చరిత్ర చెప్పే మాట. తిరుమల నాయకుని మహలు చూడడానికి దేశమంతా వస్తుంది. కానీ ఆ వంశంలో 1706 నుంచి 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగులో వచన గ్రంథాలు రాశాడని, ఆయన కొలువులో తెలుగు కవులుండేవారని మా వీధిలో ఎవరూ నాకు చెప్పలేదు. వాళ్ళకూ ఎవరూ చెప్పి ఉండరు.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు 1916లో పుట్టిన ఊరు మాది. ఆడపిల్ల గొంతు కాస్త శ్రావ్యంగా ఉంటే చాలు, సంగీతానికి పంపేవారు. నా గురువమ్మ తమిళావిడ. సరళీ వరుసల నుంచి పంచరత్నాల దాకా నాకు పాటంటూ ఏదైనా వచ్చిందంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఆమె తమిళంలో రాసి ఇచ్చేది, నేను తమిళంలో చదువుకునేదాన్ని. పదాల అర్థం మా ఇద్దరిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆమెకు తెలుగు రాదు. నాకు వచ్చు గనుక అర్థమైపోయిందనుకునేదాన్ని.

పాఠశాల చదువయ్యాక ప్రభుత్వ సాంకేతిక పరీక్షల్లో సంగీతం లోయరు, హయ్యరు గ్రేడులు ప్యాసయ్యాను. తరువాత ఒక వేసవిలో టి.టి.సి. శిక్షణ. డ్రాయింగు, కుట్టుపని వంటి విద్యలు నేర్పే టీచర్లు తమిళనాడులో అలా వేసవి సెలవుల్లోనే తయారవుతారు. కోయంబత్తూరు పీలమేడులో కోడలిగా అడుగుపెట్టాను. మిల్లు సైరను విని లేచే ఊరది. చుట్టూ నల్లరేగడిలో పత్తి పండించిన రైతుల ఇళ్ళనుంచే 1910లో లక్ష్మీ మిల్లు వంటివి లేచాయి. బడిలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ప్రైవేటుగా బి.ఏ. అంతటితో నా చదువు అయిపోయిందనుకున్నాను. చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డ ఆ రోజు అయిపోలేదని తెలిసింది.

వేసవే ఎందుకు?

సంగీతం ఎం.ఏ. చేయాలంటే రెండేళ్ళు కాలేజీకి వెళ్ళాలి. ఇద్దరు పిల్లల తల్లికి, నెల జీతం మీద బతికే టీచరుకు అది కుదరదు. తోటి టీచరు ఒకామె ఒక ప్రకటన తెచ్చి ఇచ్చింది. ఆంధ్రలోని ఒక విశ్వవిద్యాలయం, దూరవిద్య, వేసవిలో నెలరోజుల తరగతులు, ఒక లఘు పరిశోధన. బోధన పద్ధతుల మీద ఒక పేపరు కూడా ఉంది. జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయవచ్చు. తమిళంలో కుదరదు.

పనిచేసే టీచర్లకు వేసవి చదువు అనేది కొత్త సంగతి కాదు. అమెరికాలో 1874లో షటాక్వా సరస్సు ఒడ్డున ఆదివారపు బడి పంతుళ్ళ కోసం పెట్టిన వేసవి సభలు తరువాత ఆ దేశంలో పెద్ద విద్యా ఉద్యమానికి దారితీశాయి. షికాగోలోని వాండర్‌కుక్ సంగీత కళాశాలలో బడుల్లో పనిచేస్తున్న సంగీతం టీచర్లు వరసగా కొన్ని వేసవులు వచ్చి సంగీత బోధనలోనే మాస్టర్స్ పట్టా తీసుకుపోతారు. మన మద్రాసులో విశ్వవిద్యాలయ సంగీత శాఖను చాలాకాలం నడిపిన ఆచార్య పి. సాంబమూర్తి (1901–1973) గారు కూడా వేసవి సంగీత పాఠశాల నడిపినవారే.

సెలవు దొరకడం ఒక్కటే ఇందులో ఉన్న సౌకర్యం కాదని నాకు తరువాత అర్థమైంది. కాలేజీ పిల్ల నేర్చుకున్నది ఎప్పుడో ఉద్యోగం వచ్చాక వాడుతుంది. వేసవిలో చదివే టీచరు మే నెలలో విన్నదాన్ని జూన్‌లో పిల్లల ముందు పెట్టి చూస్తుంది. ఏది పారింది, ఏది పారలేదు అన్నది మూటగట్టుకుని మళ్ళీ మే నెలలో వెళ్ళి అడుగుతుంది. మధ్యలో ఉన్న పది నెలలూ పరీక్షశాలే.

ఇంట్లో చెప్పాను. మా వారు డబ్బు లెక్క వేసుకుని ఊరుకున్నారు. మా అత్త మాత్రం రోటి దగ్గర నుంచి తల ఎత్తకుండానే అంది: "పో పిల్లా. నెల రోజులేగా. పిండి నేను రుబ్బుకుంటా, బిడ్డలు నా కాడ ఉంటారు. మన ఇంట్లో ఆడది చదవను పోతా ఉందంటే నాకూ చూడాలని ఉంది."

మొదటి వేసవి

1994 మే. కాట్పాడి దాటి బస్సు ఆంధ్రలోకి వెళ్ళింది. బోర్డులన్నీ గుండ్రటి అక్షరాలైపోయాయి. చెవికి అంతా మన ఊరే, కంటికి పరాయి దేశం. ఆ తేడా నాకు గుండెలో గుచ్చుకుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. హాస్టలు గదిలో మా ముగ్గురికీ ఒక ఫ్యాను, ఒక కూజా.

మొదటి క్లాసులోనే లెక్చరరు గారు బోర్డు నిండా తెలుగు రాశారు. ఆయన మాట ప్రతిదీ అర్థమవుతోంది, బోర్డు మీది ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. నేను తమిళంలో గబగబా రాసుకుంటుంటే పక్కనామె వింతగా చూసింది. సాయంత్రం నేను మాట్లాడిన తెలుగు విని కొందరు నవ్వారు కూడా. "ఉండాను", "యాడికి" అన్న మాటలు వాళ్ళకు విడ్డూరం. ఆ నవ్వులో ద్వేషం లేదు. అయినా ఆ రాత్రి భోజనం సహించలేదు. అక్కడ తెలుగుదాన్నని చిన్నచూపు చూస్తే అర్థముంది, ఇక్కడ తెలుగుదాన్ని కాదన్నట్టు చూస్తారేమిటి?

నా గదిలో అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఉండేది. నా సంగతి కనిపెట్టి ఒక బేరం పెట్టింది: ఆమె నాకు రోజూ రాత్రి గంటసేపు అక్షరాలు నేర్పాలి, నేను ఆమెకు వర్ణం రెండో కాలం తాళం తప్పకుండా పాడించాలి. అలా ముప్పయ్యెనిమిదో ఏట ఓనమాలు దిద్దాను. పగలు బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు, కిరాణా కొట్టు పేర్లు అన్నీ నాకు వాచకాలే. నేను సొంతంగా తడుముకోకుండా చదివిన మొదటి తెలుగు వాక్యం ఏ కీర్తనలోదో అయి ఉంటే బాగుండేది. కానీ నిజం చెప్పాలి కదా! అది ఒక కోవెల గోడ మీద రాసిన "చెప్పులు ఇక్కడ విడువవలెను." అక్కడే నిలబడి రెండుసార్లు పైకి చదివాను. కాపలాదారు నేను చెప్పులు విడవనని మొండికేస్తున్నాననుకున్నాడు.

మూడు వారాలు గడిచాక నా పాత పాటల నోటుబుక్కును ముద్రించిన పుస్తకంతో పోల్చి చూశాను. తార, దార, ధార అనే మూడు మాటలున్నాయి. ఆకాశంలో చుక్క ఒకటి, ఆలు ఒకటి, ప్రవాహం ఒకటి. నా నోటుబుక్కులో మూడింటికీ ఒకటే రాత. నేను ఏళ్ళ తరబడి పిల్లల చేత ప్రవాహాన్ని పెళ్ళాన్ని చేసి పాడించాను. అలాంటివి ఒక్క నోటుబుక్కులోనే పదిహేడు దొరికాయి.

ఇందులో తమిళ లిపి తప్పేమీ లేదు. అది తమిళానికి చక్కగా అమరిన లిపి. తమిళంలో అచ్చువేసే మంచి సంగీత పుస్తకాల్లో ఒకే అక్షరం పైన 1, 2, 3, 4 అంకెలు వేసి నాలుగు ధ్వనులనూ చూపిస్తారు. మా గురువమ్మ కాలానికి అంత ఓపిక ఎవరికీ లేదు, నేనూ తెలుసుకోలేదు. తప్పు, వచ్చనుకుని అడగకపోవడంలో ఉంది.

మన పక్క వీధిలో తాళపత్రాలు

ఆ వేసవిలో విన్న రెండు సంగతులు నా తల వంచాయి, అంతలోనే ఎత్తాయి కూడా.

ఒకటి సంగీత సంప్రదాయ ప్రదర్శిని. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు 229 దాకా స్వరపరిచి, పూర్వపు విద్వాంసుల చరిత్రలు కూడా చేర్చి సుబ్బరామ దీక్షితులు (1839–1906) 1904లో ప్రకటించిన మహాగ్రంథం. నేటికీ సంగీత పరిశోధకులు దాన్ని తెరవకుండా అడుగు వేయరు. అది అచ్చయింది ఎట్టయపురంలో, మదురైకి దక్షిణాన, తెలుగు మాట్లాడే జమీందారుల ఆదరణలో. అచ్చయింది తెలుగు లిపిలో. దానికి తమిళ లిపి ప్రతిని మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961లో మొదలుపెట్టి సంపుటాలుగా తెచ్చింది.

రెండోది ఇంకా దగ్గరిది. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యుల్లో వాలాజపేట వేంకటరమణ భాగవతులు (1781–1874) ముఖ్యులు. ఆయనా, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులూ తమ గురువు కృతులను, వివరాలను జాగ్రత్తగా రాసి దాచారు. ఆ వాలాజపేట ప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. భాగవతులవారిది సౌరాష్ట్ర కులం. ఇంటి భాష వేరు, ఉన్న ఊరి భాష తమిళం. అయినా గురువు పాట కోసం తెలుగును కళ్ళకద్దుకున్నారు.

లెక్చరరు గారు ఈ మాట చెప్పి, "ఇక్కడ మదురైవారు ఎవరైనా ఉన్నారా? ఆ ప్రతులు చూశారా?" అని అడిగారు. నేను చెయ్యి ఎత్తి దించాను. ఆ సభ ఉన్న ఊళ్ళోనే నేను పెరిగాను. తెలుగు మాతృభాష కానివారు తెలుగును తాళపత్రాల మీద కాపాడి పెట్టారు. తెలుగు మాతృభాష అయిన నేను చదవడం కూడా నేర్చుకోలేదు.

"అది సంగీతం కాదండీ"

లఘు పరిశోధనకు విషయం ఎంచుకోవాలి. నేను పెద్ద పెద్ద పేర్లు రాసుకుని వెళ్ళాను. నాకు మార్గదర్శిగా ఉన్న అమ్మగారు ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఎవరైనా పాడతారా?" అని అడిగారు.

"మా అత్త పాడుతుందండీ. పిండి రుబ్బేటప్పుడు, పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు. కానీ అది సంగీతం కాదండీ."

"కాదని ఎవరు చెప్పారు?"

తరువాత ఆమె హంగరీ దేశపు సంగీతకర్త జోల్తాన్ కొదాయ్ (1882–1967) సంగతి చెప్పారు. పల్లెపల్లె తిరిగి జానపద గీతాలు సేకరించిన మనిషి. బిడ్డకు సంగీతం తల్లిభాషలోని పాటలతోనే మొదలు కావాలి, ఆ తరువాతే ప్రపంచ సంగీతం అని ఆయన సిద్ధాంతం. ఆయన పుట్టిన కెచ్కెమేత్ పట్టణానికి 1970 నుంచి దేశదేశాల సంగీతం టీచర్లు వేసవి తరగతులకు వస్తున్నారట. "మీరు అంత దూరం పోనక్కర లేదు. పీలమేడుకు పోండి" అన్నారు అమ్మగారు నవ్వుతూ.

ఆ ఏడు దీపావళి సెలవుల్లో టేపురికార్డరు ఒకటి అడిగి తెచ్చాను. మా అత్తకు చదువు రాదు. వయసు డెబ్బై దాటింది. పెట్టె ముందు కూర్చోబెడితే ఒక్క పాటా రాలేదు. "దాన్ని ముందర పెడితే నాకు గొంతు ఎండిపోతుంది" అంది. చివరికి రోలు దగ్గర గోనెసంచి కింద దాచిపెట్టాను. రోలు తిరగ్గానే పాట కూడా తిరిగింది. నాలుగు నెలల్లో 23 పాటలు దొరికాయి: లాలి పాటలు, రుబ్బురోటి పాటలు, తలంబ్రాల పాటలు, సంక్రాంతి పాటలు, మా కులదేవత మీద పాటలు.

స్వరపరచడానికి కూర్చుంటే తెలిసింది. చాలా పాటలు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి. కొన్నింటిలో ఆనందభైరవి, కొన్నింటిలో పున్నాగవరాళి నీడలు స్పష్టం. పుస్తకంలో నెల రోజులు చదివినా అంటని రాగం రోటి దగ్గర పది నిమిషాల్లో అంటింది. మాటలు ఇంకా ఆశ్చర్యం. ఒక లాలి పాటలో "నెయ్యం" అని వచ్చేది. నేనది నెయ్యి అనుకునేదాన్ని, బిడ్డకు నెయ్యి పోసి పెడతారని. నిఘంటువు చూస్తే నెయ్యం అంటే స్నేహం, ప్రేమ. కోస్తాలో కూడా ఇప్పుడు పుస్తకాల్లోనే కనిపించే మాట మా వంటింట్లో బతికే ఉంది. హాస్టల్లో నా మాటకు నవ్వినవాళ్ళు గుర్తుకొచ్చారు. మాది చెడిపోయిన తెలుగు కాదు. ఎప్పుడో ఊరు విడిచినప్పుడు మూటగట్టుకుని వచ్చిన తెలుగు.

పోయిన వేసవి

1995 మార్చిలో మా అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, దానితో పాటు మాట పడిపోయింది. మే నెలలో నాకు రెండో వేసవి తరగతులు. హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మా వారు, "నువ్వు పో, నేను చూసుకుంటా" అన్నారు. అత్త కూడా ఎడమ చెయ్యి ఊపి, పొమ్మని సైగ చేసింది.

నేను పోలేదు. గొప్పకు చెప్పడం లేదు. పోయి ఉంటే తప్పు అనీ అనను. పిల్లల్ని ఆమె చేతిలో పెట్టి మొదటి వేసవి చదువుకున్నాను. రెండోది ఆమెకు బాకీ అనిపించింది, అంతే.

ఒక మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కూర్చుని, రాసుకున్న లాలి పాట స్వరం సరిగ్గా ఉందో లేదో అని మెల్లగా కూనిరాగం తీస్తున్నాను. నీళ్ళు అనడానికి కూడా నోరు తిరగని మనిషి ఆ పాటను మాటలతో సహా అందుకుంది. రెండు చరణాలు పాడింది. చేతిలో పెన్సిలు జారిపోయింది నాకు.

డాక్టరు గారు విడమర్చి చెప్పారు. మాటకు సంబంధించిన కేంద్రాలు చాలామందికి మెదడు ఎడమ భాగంలో ఉంటాయి. పాడేటప్పుడు కుడి భాగం కూడా బాగా పనిచేస్తుంది. అందుకే మాట పోయినవారు కొందరు పాడగలుగుతారు. 1973లో బోస్టన్‌లోని వైద్యులు దీని ఆధారంగా, మాటను రాగంలో పెట్టి తిరిగి పలికించే ఒక చికిత్స పద్ధతిని తయారు చేశారు. నేను చికిత్స తెలిసినదాన్ని కాదు. అయినా లాలి పాట వరుసలోనే "నీళ్ళు కావాల" అని రోజూ పాడించాను. నెల తిరిగేసరికి ఆమె ఆ రాగంలోనే నీళ్ళు అడిగేది, మా పిల్లల పేర్లు పిలిచేది. వీధిలోవాళ్ళు ముసలమ్మ పాటలు పాడుతోందనుకున్నారు. పాట కాదు, సంసారం నడుపుతోంది.

సెప్టెంబరులో ఆమె వెళ్ళిపోయింది. 23 పాటలు క్యాసెట్లలో ఉన్నాయి. ఇంకా ఎన్ని ఉండేవో ఆమెకే తెలియాలి.

హాజరు లేనందుకు నాకు ఏడాది పోయింది. నియమం నియమమే, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. 1996 మే నెలలో మళ్ళీ వెళ్ళాను, మరుసటి వేసవి పరీక్షలు రాశాను, జవాబులన్నీ తెలుగులో. అక్షరాలు కోడి గీకినట్టే ఉన్నాయి. మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఆచార్యులు, "ఈ 23లో ఒకటి పాడండి" అన్నారు. లాలి పాడాను. పాట అయ్యాక ఆయన ప్రశ్నలేమీ అడగలేదు. 1997లో పట్టా చేతికి వచ్చింది.

పట్టా తరువాత

జీతంలో పెరిగింది కొంచెమే. మారింది నా క్లాసు. పాట నేర్పే ముందు మాట నేర్పడం మొదలుపెట్టాను. బోర్డు మీద క, గ. త, ద, ధ. ప, బ, భ రాసి, పిల్లల చేత గొంతు మీద వేలు పెట్టించి తేడా పలికించేదాన్ని. అర్థం చెప్పించాకే స్వరం. నా పిల్లల్లో సగానికి పైగా తమిళ పిల్లలు. వాళ్ళే ముందు పట్టుకునేవారు. అదే న్యాయం తమిళ పాటకూ చేశాను. తేవారం నేర్పే ముందు తమిళం టీచరును పిలిచి పదాలకు అర్థం చెప్పించేదాన్ని. అంతవరకూ అదీ చేయలేదు మరి. మన పాటకు మర్యాద కోరేవాళ్ళం పక్కింటి పాటకూ మర్యాద ఇవ్వాలి కదా!

ఆరో తరగతివాళ్ళకు సరళీ వరుసలతో పాటు మా అత్త పాటలు రెండు పెట్టాను. నాలుగు స్వరాల పాట కాబట్టి శ్రుతి తొందరగా కుదిరేది. పిల్లలు ఇంటికి పోయి పాడితే ఆ ఇళ్ళలోని అవ్వలు వాళ్ళ పాటలు చెప్పి పంపేవారు. నేను 2014లో ఉద్యోగ విరమణ చేసేనాటికి 23 పాటలు 60 దాటాయి.

ఇలా చదువుకోవాలనుకునే టీచర్లకు, ముఖ్యంగా మన ఆడపిల్లలకు, అనుభవం మీద నాలుగు మాటలు. చేరే ముందు ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యూజీసీ అనుమతి ఉందో లేదో జాబితాలో చూసుకోండి, నియమాలు తరచూ మారుతుంటాయి. దూరవిద్య శాస్త్రం నేర్పగలదు గానీ గొంతుకు గురువు ఎదురుగా ఉండాల్సిందే, ఊళ్ళో ఒకరిని వెతుక్కోండి. పరిశోధన విషయం కోసం దూరం చూడకండి, ఇల్లు చూడండి. నాలుగోది, ఇంట్లోవాళ్ళతో లెక్క దాచకండి. డబ్బు లెక్కతో పాటు, ఆ నెల రోజులూ ఎవరు రుబ్బుతారన్న లెక్క కూడా. ప్రతి పట్టా వెనుక రోటి దగ్గర ఒకరు కూర్చుని ఉంటారు.

ఇప్పుడు ఆదివారాలు మా వరండాలో పదిమంది పిల్లలకు తెలుగు అక్షరాలూ పాటా కలిపి నేర్పుతున్నాను. ఫోనులో పాటలు వినేవాళ్ళే అందరూ. అయినా చాక్‌పీసు ఇస్తే సంతోషంగా బోర్డు దగ్గరికి పరుగెత్తుతారు. పోయిన సంక్రాంతికి ఒక అమ్మాయి తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "టీచర్, నేను గుర్తున్నానా? కుడి అన్నదాన్ని" అంది. గుర్తులేకపోవడమేమిటి! వాళ్ళది తమిళ ఇల్లు. కూతురికి త్యాగరాజ కీర్తనలు సరిగ్గా రావాలని తెచ్చింది.

ఆ బిడ్డకు నేను మొదట రాసిచ్చిన మాట ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. గకు కొమ్ము, డ మీద గుడి. ముప్పై ఏళ్ళు ఆలస్యంగా బోర్డు మీద రాశాను.

ఈ వేసవికి మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పని చేసుకుంటూ పాడుతుంటే ఆ పాటను రాసి పెట్టుకోండి, ఏ లిపిలోనైనా సరే. ఫోను పక్కన పెట్టి రికార్డు చేయండి. వాళ్ళు సిగ్గుపడితే గోనెసంచి కింద దాచండి.